మరో రెండు పట్టీలు

"లారీ వెనక చక్రాల కమానుకి మరో రెండు ఇనప పట్టీలు వెయ్యి. ఎంత బరువెత్తినా వెనక వంగకూడదు," అన్నాడు ఓనరు తిరుమలరావు.

మోప్కా ఊరి లారీ షెడ్డులో మెకానిక్ చిన్నారావు పానా నేలకేసి కొట్టాడు. "వంగదు. మరి బ్రేకుల మాటేటి? అవి పాతయ్యే కదా! లారీ వంగితేనే లోడెక్కువైందని డ్రైవరుకి తెలుస్తాది!"

"అచ్ఛా, నీకెందుకురా అదంతా? చెప్పింది చెయ్యి."

చిన్నారావు పళ్ళు కొరుకుతూ పట్టీలు బిగించాడు. సిమెంటు బస్తాలు రెట్టింపు ఎత్తించినా లారీ తిన్నగానే నిలబడింది. తాళం ఓనరు చేతిలో పెట్టాడు.

"డ్రైవరు టీకెళ్ళాడు. పక్కూరు మస్తూరీ దాకా మీరే తోలండి, చూద్దాం."

తిరుమలరావు తాళం వెనక్కిచ్చేశాడు. "నాకిద్దరు పిల్లలున్నార్రా."

పట్టీలు విప్పడానికి చిన్నారావు జాకీ అందుకున్నాడు.

"డ్రైవరుకి ముగ్గురు."