ఉరుకుందప్ప ఒప్పుకున్నాడు

“తోసుకోగాకండప్పా, సారు వచ్చినాడు, దారియ్యండి” అని ఎవరో అనడంతో పోలీస్ స్టేషన్ ముందు జనం రెండుగా చీలారు. డ్రిల్లు మాస్టరు వెంకోబారావు తల వంచుకుని వాళ్ల మధ్యలోంచి నడిచాడు. లాకప్పులో ఉన్నది ఆయన దగ్గర కబడ్డీ నేర్చుకున్న ఉరుకుందప్ప. రాష్ట్ర జట్టు కెప్టెన్. మధ్యాహ్నం తాగి జీపు నడిపి, ఆదోని బజారులో గఫూర్ సాబ్ హోటలు పందిరి గుంజను గుద్దేశాడని పట్టుకొచ్చారు.

నిన్నటిదాకా వాడి పేరు చెప్పి మీసం దువ్వినవాళ్లే ఇప్పుడు తలా ఒక రాయి వేస్తున్నారు.

“పేరొచ్చినాక కాళ్లు నేల మింద నిల్చవు లేప్పా.”

“నా కొడుక్కి వాని పేరే పెట్టుకొంటి. ఇప్పుడేమని పిలవాల?”

“గెలిస్తే మన ఉరుకుందప్ప. తాగితే వాడూ వీడూనా? మీరెవురూ తాగరా?” అన్నాడొక ముసలాయన. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

గఫూర్ సాబ్ విరిగిన గుంజ సంగతే ఎత్తలేదు. “హోటల్లో గోడకున్న వాని ఫోటో తీసేసినా సార్. పిల్లలు చూస్తారు కదా” అన్నాడు, తానే తప్పు చేసినవాడిలా.

కుండను మూయడానికి మూకుడుంది గానీ ఊరి నోరు మూయడానికి లేదు. మాస్టరు మెట్లెక్కి లోపలికి నడిచాడు. ఆయన భయమల్లా ఒక్కటే. వచ్చే వారం ఇండియా జట్టుకు ఎంపిక పోటీలు. ఈ సంగతి కాగితమెక్కిందంటే పిల్లవాడి ఆట ఇక్కడితో ముగిసినట్టే.

ఎస్సై గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. లేచి కుర్చీ చూపించాడు.

“దాచలేదండి, అడగ్గానే ఒప్పేసుకున్నాడు. మందు కొట్టావా అంటే కొట్టినా సార్ అన్నాడు. ఎప్పట్నించి అంటే పొద్దున్నించీ అన్నాడు. అదీ ఖాళీ కడుపుతోనట.”

“వాసనకు నాకే తల తిరుగుతాంది సార్” అన్నాడు కానిస్టేబులు తిక్కయ్య, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని. “ఈడ దొరికే సరుకు గాదు. ఆటకు పోయిన ఊర్లనుంచి తెచ్చుకొన్నెట్లుంది.”

మందు వాసన ఎలా ఉంటుందో మాస్టరుకు పుట్టి బుద్ధెరిగి తెలియదు. ముక్కు మూసుకుని కడ్డీల దగ్గరికి వెళ్లాడు. ఉరుకుందప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నోటివెంట చొంగ కారుతోంది. ఏడుగురు మీద పడ్డా గీత దాకా ఈడ్చుకొచ్చే మనిషి, తల నిలబెట్టలేకుండా ఉన్నాడు. చూసేసరికి మాస్టరుకు దుఃఖం ముంచుకొచ్చింది, దాని వెనకే కోపం.

“ఒరే, నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు నువ్వు. మందు కొట్టినావా లేదా?”

“కొట్టినా సార్.” నాలుక మడతపడుతోంది. “కండ్లు మసకలు... డాక్టరు కాడికి...”

“నోర్ముయ్. ప్రతి గురువారం మంత్రాలయం పోయి నీకోసం రాయరికి మొక్కుకొంటినే, దానికిదేనా ఫలం?”

ఎస్సై వెనకనుంచి అన్నాడు. “డాక్టరు దగ్గరికి ఎటూ పంపాలండి. పరీక్ష చేసి ఆయన కాగితం రాసివ్వాలి. అది లేకపోతే కేసు నిలబడదు.”

కేసు నిలబడదన్న మాట ఒక్కటే మాస్టరు చెవిలో పడింది. ఎన్నడూ ఎవరినీ దేహీ అనని మనిషి, తన కొడుకు వయసున్న ఎస్సై రెండు చేతులూ పట్టుకున్నాడు.

“డాక్టరు కాడికి మాత్రం పంపొద్దు నాయనా. కాగితం మీద పడితే వాని బతుకు బుగ్గిపాలవుతుంది. దిగేదాకా ఈడే పండుకోనీ. పొద్దు మునిగినాక నేనే ఇంటికి పిల్చుకొని పోతా. నీకు పుణ్యముంటుంది.”

ఎస్సై కాసేపు కిటికీలోంచి జనాన్ని చూశాడు. కాలేజీలో తానూ కబడ్డీ ఆడినవాడే. “మీ మొహం చూసి వదిలేస్తున్నానండి” అన్నాడు చివరికి.

లోపల్నుంచి “డాక్టరు... సార్...” అని మళ్లీ వినిపించింది.

“పిచ్చోడు. వాని గొయ్యి వాడే తవ్వుకొంటాండాడు” అనుకుంటూ మాస్టరు బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

ఎండ వాలింది. చూడ్డానికి ఇంకేమీ లేదని జనం ఒక్కరొక్కరే ఇళ్లకు పోయారు. మాస్టరు మనసు కొంచెం కుదుటపడింది. రేపు పొద్దున వాణ్ని ఎదురుగా నిలబెట్టి నాలుగు చివాట్లు పెట్టాలి, రాయరి ముందు ప్రమాణం చేయించాలి, మళ్లీ మైదానంలోకి దించాలి. తప్పు చేయనివాడెవడు? దిద్దుకుంటే చాలు.

తిక్కయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. “ఇందాకటిదాంక మూలుగుతాండె సార్. ఇప్పుడు సప్పుడు ల్యాదు. మంచి నిద్ర పట్టినెట్లుంది.”

“లేపొద్దు. పండుకోనీ” అన్నాడు మాస్టరు.

అప్పుడే ఎమ్మిగనూరు బస్సు రోడ్డు మీద ఆగింది. ఒకామె దిగి, చెంగు నడుముకు చుట్టుకుంటూ పరుగున వచ్చింది. ఉరుకుందప్ప భార్య ఈరమ్మ. మొగుడి పరువు పోయిందని ఎంత కుమిలిపోతోందో పాపం అనుకుని, ఏం చెప్పి ఓదార్చాలా అని మాస్టరు లేచి నిలబడ్డాడు.

“జీపు ఈడ కనపడితే దిగినా సార్” అంది ఆమె రొప్పుతూ. “బువ్వ ఎత్తుకొని సేనికి పోతే, పత్తికి మందు కొడతా కొడతా కండ్లు తిరిగి పడిపాయె, డాక్టరు కాడికని ఆదోనికి జీపేసుకొని పాయె అనిరి కూలోల్లు. యా ఆస్పత్రిలో చేర్చినారు సార్?”