మొదటి సీసా

“థూ!” వరమ్మ గరిటె పక్కన పడేసి నోరు కడుక్కుంది. “పులిసిపోయిందయ్యా. ఇంక చేపల పులుసులోకే పనికొస్తాది.”

ఆమె మొగుడు ఏసుమణి జాడీలోకి తొంగి చూశాడు. మూతికి కట్టిన గుడ్డ ఒక పక్క వదులై ఉంది. లోపల ద్రాక్షారసం ఎర్రగా మెరుస్తూనే ఉంది గానీ వాసన ముక్కును కోస్తోంది.

అది మంచి శుక్రవారం పొద్దున. ఆదివారం ఈస్టరు. ఎర్రగుంట్ల పక్కనున్న ఆ చిన్న ఊరి చర్చిలో ప్రభు బల్ల మీద పెట్టి అందరికీ గుక్కెడు పంచే రసం వెళ్లేది ఏసుమణి తోట నుంచే. పదిహేను సెంట్ల నేల, నిలువుగా పాతిన నాపరాతి కూసాల మీద నల్ల ద్రాక్ష పందిరి. వాళ్ల నాయన నాటిన తీగలు.

“పాస్టరయ్యగారికి ఏం చెప్పాల? బ్రాందీ అంగట్లో సీసా తెచ్చి బల్ల మీద పెడతారా యాడన్నా?” అన్నాడు.

“అది తర్వాత. ముందు వలి మామ సంగతి సూడు. రెండు వారాల కింద మొదటి సీసా ఆయనకే ఇచ్చింటివి గదా. అదీ ఇట్లే పులిసింటే? ముసలి పానం. కడుపులో ఏమన్నా అయిందేమో.”

ఏసుమణి తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు.

రెండువేల మూడు కరువులో అతని బోరు ఎండిపోయింది. పక్క చేను హుసేన్ వలి తన చీనీ (బత్తాయి) చెట్లకే సరిపోని నీళ్లలోంచి రోజుకు గంటసేపు పందిరికి వదిలాడు. అడక్కుండానే. ఆ రోజు ఏసుమణి తీగ పట్టుకుని మాటిచ్చాడు: “ఇది బతికితే ఏటా మొదటి సీసా నీకే మామా.”

నమాజు తప్పని మనిషికి ఏం ఇస్తానన్నాడో మాట నోరు దాటాక గానీ తట్టలేదు. కానీ మరుసటి ఏడు హుసేన్ వలి రెండు చేతులా సీసా అందుకున్నాడు. వెలుతురుకు ఎత్తి చూసి, “రంగు శానా బాగుండాదప్పా,” అన్నాడు. వారం తిరక్కముందే ఖాళీ సీసా కడిగి పంపాడు. అప్పట్నుంచి ఏటా అంతే, ఇది ఆరో ఏడు.

వరమ్మ నవ్వేది. “నేను బిరడా మీద మైనం పోసి బొటనవేలితో అదిమి ఇస్తానా, వారానికే ఖాళీ! పైగా సీసా మారుస్తాడు. మనదానికి మెడ పొడుగు. ఇది సూడు, ఎంత పొట్టిగుండాదో.”

“ఇష్టమై తాగుతాడు. నీకేం?” అనేవాడు ఏసుమణి.

హుసేన్ వలి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“మామా, పానం బాగుండాదా?”

“నాకేమప్పా, నాపరాయి మాదిరి ఉండా. ఏం, అట్లడుగుతాండావు?”

“నేనిచ్చిన రసం పులిసిందేమోనని. తాగినప్పుడు ఎట్లుండె?”

హుసేన్ వలి గడ్డం నిమురుకున్నాడు. “రంగు... శానా బాగుండె.”

గడప దగ్గర మనవరాలు షాహనా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

“జాడీ అంతా పోయింది మామా,” అన్నాడు ఏసుమణి. “ఆదివారం బల్ల మీదికి చుక్క లేదు. మా నాయన కాలం నుంచి తప్పింది లేదు. ఈసారి ఒట్టి చేతులతో పోవాల్సిందే.”

ముసలాయన ముఖం చిన్నబోయింది. దొంగతనం బయటపడ్డవాడిలా మెల్లగా లేచాడు. “తప్పనుకోవాకప్పా. నువ్వు అంత ప్రేమతో ఇస్తాంటే కాదనలేకపోతి.”

“ఏం తప్పు మామా? తాగితే తాగినావు. నీ నీళ్లు లేకుంటే ఆ తీగే లేదు.”

“దాదా, పాత సామాన్ల అంగడి సంగతి గూడా చెప్పు,” అంది షాహనా.

“నువ్వుండు పాపా.”

హుసేన్ వలి లోపలికి నడిచి గోడవారగా ఉన్న ట్రంకుపెట్టె ముందుకు లాగాడు. మూత తెరిచి, తల వంచుకుని పక్కకు తప్పుకున్నాడు. ఏసుమణి వంగి చూశాడు.

ఆరు సీసాలు, మైనం మీద చెదరని ఆరు బొటనవేలి ముద్రలు.