కోచ్ ఇంటి ముందు పచ్చిక

"ఇవన్నీ ఏమిటి?" కొత్తగా దిగిన ఇంటి గరాజ్ తలుపు ఎత్తగానే రోక్సాన్ అడిగింది. గోడకి ఆనించి బోలెడు బోర్డులున్నాయి. అన్నిటి మీదా ఒకటే మాట: ఇల్లు అమ్మకానికి.

పక్కింటి వెర్లీన్ పీచ్ పండ్ల కేకుతో వెనకే వచ్చింది. "పాత కోచ్ నాటివమ్మా. అక్టోబరులో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడిపోయాడు. తెల్లారేసరికి ఊళ్లోవాళ్లు ఇవన్నీ ఇదిగో, ఈ పచ్చికలో పాతేశారు."

"ఆయన ఇల్లు అమ్ముతానన్నాడా?"

"అనలేదు. అందుకే పాతారు."

వెర్లీన్ కేకు పళ్లెం రోక్సాన్ చేతిలో పెట్టి, ఒక బోర్డు బయటికి లాగి దుమ్ము తుడిచింది. "ఇది మాది. రంగు మా ఆయనే వేశాడు. పట్టుకెళ్తానమ్మా, మళ్లీ ఎప్పుడు అవసరమొస్తుందో."

రోక్సాన్ మొగుడి వైపు తిరిగింది. కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కొత్త కోచ్ అతనే.

"విన్నావా హాస్కెల్? నువ్వింకా ఒక్క మ్యాచైనా ఆడించలేదు. ఒహాయోలో ఆ చిన్న కాలేజీలో హాయిగా ఉండేవాళ్లం."

"హాయా! అక్కడ తొమ్మిది మ్యాచ్‌లు ఓడాను. ఎందుకు ఓడావని ఒక్కడైనా అడిగాడా? నేను కోచ్‌నని మన పాస్టరుకే తెలీదు." హాస్కెల్ బోర్డులు లెక్కపెడుతున్నాడు. "పన్నెండు, రోక్సాన్! పన్నెండు!"

అంత వెలుగు ఆ మొహంలో ఆమె పెళ్లినాడు కూడా చూడలేదు.

"ఆ బరువు మీకెందుకండీ, నేను తెస్తాను," అంటూ అతను వెర్లీన్ బోర్డు భుజానికెత్తుకున్నాడు.

"గోడకి తగలనివ్వకండి కోచ్ గారూ, రంగు పోతుంది!"

రోక్సాన్ కేకు పక్కన పెట్టి, పొద్దున విప్పిన సామాను పెట్టెకి మళ్లీ టేపు వేసింది.