సణుగుడెక్కువ

ఒప్పుకుంటున్నాను, వీడియో ఆటలకు మార్కులు వేసేవాళ్లంటే నాకు జాలి. ఇప్పటి కన్సోల్ ఆటలు, ఒక లోపం రాస్తే చాలు, తెల్లారేసరికి తమను తామే దిద్దుకుంటాయి.

అలా మార్కులు వేసే ప్రణవి చేతికొచ్చిన ఆటలో, ఇంట్లోని పాత వీడియోల నుంచి తీసుకున్న, చనిపోయిన వాళ్లమ్మ గొంతే దారి చెబుతుంది. బొమ్మలు అద్భుతమని మెచ్చుకుని, లోపం చెప్పకపోతే ఎవరూ నమ్మరని, "గొంతుకి సణుగుడెక్కువ" అని అలవాటుగా రాసేసింది.

మర్నాడు ఆటలో కొండ అంచున జారి పడింది.

"పర్లేదు బంగారం, బాగా ఆడావు," అంది అమ్మ.

"అదేంటే అక్కా, కళ్లెక్కడ పెట్టుకున్నావని తిట్టలేదు?" తమ్ముడు బిత్తరపోయాడు.

"లోపమని రాశాన్రా."

"మళ్లీ తిట్టమని రాయవే!"

"పొద్దున్నే కంపెనీకి రాశా. దిద్దాక పాతది ఉంచరట."

ప్రణవి కావాలని మళ్లీ మళ్లీ పడింది. ప్రతిసారీ అమ్మ మెచ్చుకుంది.

మీ ఇంట్లో ఎవరిని ఇలా దిద్దేశారు? చెప్పండి.