జనార్దనరావు గారి నాలుక

"సరుకు లేదు, షాపు లేదు. ఏటి వ్యాపారమోయ్ నీది?" అన్నాడు జనార్దనరావు.

"ఇంటర్నెట్ వ్యాపారం, మావయ్యా" అన్నాడు వెంకటేష్.

"అప్పుడే మావయ్యేటి? ముందు నడిపి సూపించు!"

రెండు వేల తొమ్మిదో సంవత్సరం. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలన్నీ ఈగలు తోలుకుంటున్న రోజులు. మాంద్యమట. ఎక్కడో అమెరికాలో బ్యాంకులు మునిగితే ఇక్కడ తన పప్పు డబ్బాలు ఎందుకు కదలవో జనార్దనరావుకి బోధపడలేదు. ఆ చిరాకులో ఉండగానే ఒక్కగానొక్క కూతురు సౌజన్య బాంబు పేల్చింది. చేసుకుంటే కంచిలి కొబ్బరి రైతు కొడుకు వెంకటేష్‌నే చేసుకుంటానంది. ఆ కుర్రాడు చూస్తే, బెంగళూరులో ఉద్యోగం ఊడి మొన్ననే ఇంటికొచ్చాడు.

జనార్దనరావు గడువు పెట్టాడు.

"దీపావళి దాకా సూత్తాను. మీ నాన్న దగ్గర పైసా పుచ్చుకోకుండా వ్యాపారం నిలబెట్టావా, పిల్ల నీది. లేదా, టెక్కలి ఎల్లాజీ గారబ్బాయికిచ్చేత్తాను. ఆడికి గవర్నమెంటు ఉద్యోగం."

సౌజన్య ఏడ్చి గగ్గోలు పెడుతుందనుకున్నాడు. పెట్టలేదు. పైగా రెండో రోజే, "నాన్నా, మన ఫ్యాక్టరీకి కూడా ఒక వెబ్‌సైట్ పెడదాం" అంది. హమ్మయ్య, పిల్ల దారిలో పడిందని ఆయన మురిసిపోయాడు.

అయితే ఒక చిక్కుంది. పలాసలో పప్పు నోట్లో వేసుకోకుండా ఎవడూ బేరానికి దిగడు. ముందు గుప్పెడు తీసి చేతిలో పెట్టాల్సిందే.

"కంప్యూటర్లో రుసెలా సూత్తారే?" అని ఆలోచించి, అడిగిన ప్రతి షాపుకీ అరకిలో శాంపిల్ ఉచితమని సైట్‌లో రాయించాడు.

మూడో రోజుకల్లా మెయిళ్ళు మొదలయ్యాయి. నాగపూర్, జైపూర్, ఇండోర్... రోజుకి పదికి తగ్గలేదు. జనార్దనరావు పక్కన నిలబడి మరీ మేలైన, ముక్క విరగని గుండు పప్పు ఏరించేవాడు. సౌజన్య ప్యాకెట్లన్నీ స్కూటీ మీద పెట్టుకుని కొరియర్ ఆఫీసుకి బయల్దేరేది.

ఆర్డరు మాత్రం ఒక్కటీ రాలేదు.

"తినేసి మూతి తుడుసుకుంటన్నారు, ఎదవలు!" అని పళ్ళు నూరాడు. అయినా శాంపిళ్ళు ఆపలేదు. ఆపితే పలాస పరువు పోతుందని ఆయన భయం.

దీపావళి వారం ఉందనగా వెంకటేష్ వచ్చాడు. ఆర్కుట్ సైట్‌లో మనవైపు వాళ్ళ గుంపులు పట్టుకుని, బెంగళూరుకీ పూణేకీ జీడిపప్పు ప్యాకెట్లు అమ్ముతున్నాడట. ఆర్డర్లన్నీ చూపించాడు. ఒక ప్యాకెట్ కూడా చేతిలో పెట్టాడు.

జనార్దనరావు కళ్ళు మూసుకుని ఒక పలుకు నోట్లో వేసుకున్నాడు. కళ్ళకి గంతలు కట్టినా, ఏ పప్పు ఏ ఫ్యాక్టరీదో చెప్పేయగలడని ఆయనకు పేరు. ఆ పేరు ఊరంతా చాటింది కూడా ఆయనే.

"ఇది మన పలాసది కాదు" అని తేల్చేశాడు. "మన పప్పుకి ఈ కమ్మదనం ఎక్కడిది? గోవాదా, కేరళదా?"

"అది వ్యాపార రహస్యం, మావయ్యా."

ఈసారి ఆ పిలుపుకి ఆయన అడ్డు చెప్పలేదు. పప్పు ఏరే ఆడవాళ్ళని పిలిచి తలో పలుకూ పంచాడు.

"పప్పంటే ఇదర్రా! సూసి నేర్సుకోండి!"

వాళ్ళు నములుతూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

మాట అంటే మాటే. దీపావళి వెళ్ళిన మూడో రోజున తాంబూలాలు పుచ్చుకున్నారు. భోజనాల దగ్గర జనార్దనరావు కాబోయే అల్లుడి పక్కనే కూర్చున్నాడు.

"అల్లుడూ, ఇకనేటి దాపరికం? ఆ సరుకు ఎక్కడ్నించి తెత్తన్నావో సెప్పు. ఎంత దూరమైనా ఎల్లి, నేనూ కొంతాను."

వెంకటేష్‌కి పొలమారింది. సౌజన్య అతనికి మంచినీళ్ళందించి, తండ్రి విస్తట్లో ఇంకో గరిటెడు పాయసం వేసి, నెమ్మదిగా చెప్పింది.

"ఎక్కడికీ ఎల్లక్కర్లేదు నాన్నా, నాగపూర్ నుంచీ జైపూర్ నుంచీ నిన్ను శాంపిళ్ళడిగిన షాపులోళ్ళందరూ మేమిద్దరమే."