అరువు మనవడు

"పిల్లాణ్ణి ఇటివ్వు మాణిక్యం, మధ్యాహ్నానికి తెచ్చిచ్చేస్తా" అంది సీతమ్మ, పిట్టగోడ మీంచి చేతులు చాచి.

ఎవరైనా పక్కింట్లో పంచదార అరువడుగుతారు, కాఫీపొడి అడుగుతారు. ఈవిడ మనవణ్ణి అడుగుతోంది.

"మళ్ళీనా పిన్నిగారూ! వాడికింకా నీళ్ళు కూడా పొయ్యలేదు."

"నేను పోస్తాలేవే. ఇవాళ ఆ నర్సు పిల్లతో పాటు వాళ్ళ మేడమ్ కూడా వస్తోందిట. ఇంట్లో పసిబిడ్డ కనబడకపోతే దాని చదువు గోవిందా!"

మాణిక్యం నవ్వుకుంటూ కొడుకుని అందించింది.

సీతమ్మది కొండపల్లి. బొమ్మలకు రంగులేస్తూ బతికిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. నోరు మాత్రం ఉంది, వీధంతటికీ సరిపోయేంత. చలికాలంలో ఓ రోజు విజయవాడ నుంచి నర్సింగ్ కాలేజీ బస్సు వచ్చి, బిలబిలమంటూ ఆడపిల్లల్ని ఆ వీధిలో దింపింది. బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాదిలో కమ్యూనిటీ పోస్టింగ్ అని ఒకటుంటుంది. ఒక్కో పిల్లకీ ఒక్కో ఇల్లు అప్పగిస్తారు. ఆ ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం కొన్నాళ్ళపాటు ఆ పిల్లే కనిపెట్టి చూడాలి. సీతమ్మ ఇల్లు హెప్సిబా వంతుకొచ్చింది.

"ఒంటరిదాన్నని జాలిపడి వస్తే వచ్చిన దారినే పో. పనుంటేనే గుమ్మమెక్కు" అంది సీతమ్మ మొదటిరోజే.

"పనేనండీ మామ్మగారూ. మార్కులుంటాయి" అంది హెప్సిబా బిక్కమొహం వేసుకుని.

"అయితే రా."

ఆ అమ్మాయి బీపీ చూసింది, ఉప్పు తగ్గించమంది, కాలి గోళ్ళు తీసింది. అంతా అయ్యాక దిగాలుగా కూర్చుంది. "సిలబస్ ప్రకారం కడుపుతో ఉన్నవాళ్ళని చూడాలి, పసిబిడ్డని తూచాలి, టీకాల గురించి చెప్పాలి. ఈ ఇంట్లో మీరొక్కరేగా! మేడమ్ ఇల్లు మార్చుకోమంటున్నారు."

ఇల్లు మార్చుకుంటుందా! సీతమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. విరిగిన బొమ్మకు రంపప్పొట్టు మక్కు పెట్టి చెయ్యి అతికించే మనిషి, ఖాళీ ఇంటికి ఓ మనవణ్ణి అతికించలేదా? ఈసారి హెప్సిబా వచ్చేసరికి మాణిక్యం కొడుకు ఆవిడ ఒళ్ళో ఉన్నాడు.

"మా మేనల్లుడి కొడుకు. ఇక్కడే ఉంటాడిక" అంది.

హెప్సిబా వాడికేసి చూసింది, సీతమ్మకేసి చూసింది. "అమ్మయ్య! బతికించారు మామ్మగారూ."

ఇక రాకపోకలకు లోటులేదు. ఈమధ్య కాలేజీ బస్సు పాడైందని ఒక్కతే టౌన్ బస్సెక్కి వస్తోంది. యూనిఫాం ఉతకలేదంటూ చుడీదార్‌లోనే, అదీ ఆదివారాలు. "సెలవురోజు కూడా వదలరా! ఇదేం చదువే తల్లీ!" అని సీతమ్మ ఆ కాలేజీని తిట్టిపోసేది. శనివారమే పులిహోరకు చింతపండు తీసిపెట్టుకునేది.

ఇవాళ పదింటికి ఇద్దరూ వచ్చారు. మేడమ్ నేతచీర కట్టుకుని, చేతిలో చక్కెరకేళీల సంచీతో ఉంది. కుర్చీ వేస్తే వద్దని చాపమీద కూర్చుంది. ఇన్‌స్పెక్షన్ అంటే ఇంకేమిటో అనుకున్న సీతమ్మ కాస్త తెరిపినపడింది.

"బాబు పేరేంటండీ?" అంది మేడమ్.

అసలు పేరు సీతమ్మకు తెలీదు. వీధిలో అందరూ వాణ్ణి చంటోడనే పిలుస్తారు.

"ఇంకా పెట్టలేదండీ. ముహూర్తం కుదర్లేదు."

"ఏడాది దాటినట్టున్నాడే!"

"మావాళ్ళంతేనండీ. నిదానం."

హెప్సిబా దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకుంది. సరిగ్గా అప్పుడే మాణిక్యం గోడ మీంచి తొంగిచూసింది. వాడు "అమ్మా" అంటూ అటు పాకబోయాడు. సీతమ్మ లటుక్కున పట్టుకుంది.

"ఆడవాళ్ళందర్నీ అమ్మా అనే అంటాడండీ. మర్యాదస్తుడు!"

మేడమ్ నవ్వాపుకుంది. బాబు సంగతి మరి అడగలేదు. "మా అమ్మాయి మిమ్మల్ని బాగా చూసుకుంటోందా అండీ?" అంది.

ఈసారి సీతమ్మకు అబద్ధంతో పనిలేకపోయింది. "బంగారమండీ. మా ఆయన పోయాక నా చెయ్యి పట్టుకున్న మనిషి లేదు. ఈ పిల్ల నాడి చూస్తానని పట్టుకుంటుంది. చూడటం అయిపోయినా వదలదు." "తప్పులేమన్నా ఉంటే నావి. దాని మార్కులు మాత్రం కొయ్యకండి. మీకు దణ్ణం పెడతా."

"నూటికి నూరండీ" అంది మేడమ్, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. పులిహోర మారు వడ్డించుకుని తిని మరీ లేచింది.

గుమ్మందాకా వచ్చి సీతమ్మ బెరుగ్గా అడిగింది. "వచ్చే ఆదివారం కూడా డ్యూటీ వేస్తారా అండీ?"

"తప్పకుండా."

బస్సు ఇబ్రహీంపట్నం దాటింది.

"ఆ బాబు ఆవిడ మనవడు కాదు కదూ?" అంది మేడమ్.

"పక్కింటి మాణిక్యంగారి బాబు. ఆ ఇల్లు మా క్లాసు మనోజ్ఞకి పడింది. ఒళ్ళో చూసినరోజే గుర్తుపట్టేశా" అంది హెప్సిబా.

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఇక్కడ నీకేం పని, పో అంటుంది. ఊరికే వస్తే గుమ్మం ఎక్కనివ్వదు."

మేడమ్ హెప్సిబా జడ సవరించింది.

"మరి నీ పోస్టింగ్ అయిపోయి నెల దాటిందని ఆవిడకెప్పుడు చెబుతావే?" అంది హెప్సిబా వాళ్ళమ్మ.