వెంట్రుకవాసి సందు

“మళ్లీ లావే!”

తూటాను వంటింటి బల్ల మీద విసిరికొట్టాడు ఎల్‌వుడ్. అది దొర్లుకుంటూ వెళ్లి కాఫీ కప్పుకి తగిలి ఆగింది.

భార్య వోండా తూటా తీసి ఏప్రన్‌కి తుడిచింది. వరసగా ఇది ఆరో ఆదివారం.

ఎల్‌వుడ్ తుపాకి మామూలుది కాదు. పోటీలో ఐదు గుండ్లూ ఒకే చిల్లులో పడాలన్న పిచ్చితో, తూటా కూర్చునే గదిని బాగా ఇరుకుగా కోయించుకున్నాడు. షాపులో కొన్న తూటా అందులో దూరదు. ఇత్తడి గొట్టం మెడను చుట్టూ చెక్కి పలచన చేయాలి. గుండు బిగించాక కూడా మెడకీ గదికీ మధ్య వెంట్రుకవాసి సందు మిగలాలి. మిగలకపోతే ఎంత నెట్టినా లోపలికి పోదు.

ఆ చెక్కడం వోండా పని. స్క్రాంటన్ ఫ్యాక్టరీలో లేత్ మీద ఇరవై రెండేళ్లు ఆడిన చెయ్యి ఆమెది. క్లబ్బులో సగం మంది తూటాలు ఆమె చెక్కినవే. ఎవరు గెలిచినా కప్పు పట్టుకుని ముందు ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆ పేరు ఇప్పుడు ఆమె కళ్లెదుటే పోతోంది.

“శనివారం పోటీ పెట్టుకుని నన్నిలా ఏడిపిస్తావేంటి?” అన్నాడు ఎల్‌వుడ్. “కళ్లు కనబడట్లేదా? చెయ్యి వణుకుతోందా? ఏదో ఒకటి చెప్పి చావు!”

“ఇంకోసారి చెక్కుతాలే.”

“ఇంకెన్నిసార్లు?”

చొక్కా జేబులోంచి తుపాకి బోల్టు తీసి చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అది లేనిదే తుపాకి పేలదు; పడుకున్నా ఒంటి మీదే ఉంటుంది. “బస్టర్, ఇలా రా!” అని కేకేశాడు. కుక్క కదల్లేదు.

“దాని పేరు పెన్నీ,” అంది వోండా.

“ఏదైతేనేం. అదీ నా మాట వినదు.”

బయట మంచులో ట్రక్కు ఆగింది. క్లబ్బు సెక్రటరీ డెల్బర్ట్ గుమ్మంలోనే నిలబడ్డాడు. చెక్కమని తనిచ్చిన గొట్టాల పెట్టె వెనక్కి కావాలట.

“ఏమీ అనుకోకు వోండా. పోటీ దగ్గర పడింది. వేరే చోట చెక్కించుకుంటా.”

ఆమె పెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. ఒళ్లు మండిపోయింది. ఏడుపొచ్చినంత పనైంది.

“మా ఆవిడా ఈ మధ్య కేకులు మాడ్చేస్తోందిలే. వయసు మరి,” అని నవ్వించబోయాడు డెల్బర్ట్. ఆమె నవ్వలేదు. “పోనీ ఎల్‌వుడ్‌వి ఆ ఇరవై గొట్టాలూ ఇటివ్వు. రేపటికల్లా చెక్కించి తెచ్చేస్తా.”

“అక్కర్లేదు.”

“మొండికెయ్యకు. ఎంతసేపు పని?”

“ఇంకొకరి చెయ్యి పడ్డ తూటా ఈ ఇంట్లోకి రాదు డెల్బర్ట్. వచ్చిందో, నీకూ నాకూ మాటల్లేవు.”

లోపల్నుంచి ఎల్‌వుడ్ అరిచాడు. “చూశావా దీని పొగరు! తనకి చేతకాదు, చేసేవాళ్లని చెయ్యనివ్వదు!”

డెల్బర్ట్ తల అడ్డంగా ఊపుతూ వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఈ సంగతి క్లబ్బంతా పాకిపోతుందని వోండాకి తెలుసు.

ట్రక్కు మలుపు తిరిగాక ఆమె మైక్రోమీటర్ తీసి, ఇరవై మెడలూ ఒక్కొక్కటే మళ్లీ కొలిచి, మొన్న అక్టోబరులో దండెం మీద బట్టలారేస్తున్న తన మీదికి “ఎవరు నువ్వు, మా పెరట్లో నీకేం పని?” అంటూ ఎల్‌వుడ్ గురిపెట్టిన ఆ తుపాకిలో ఒక్కటి కూడా పట్టదని రూఢి చేసుకుంది.